అంకయ్య జోకిన దసరాలు

జమ్మికుంటల అంకయ్య దసరా పండుగను తరాజుల ఏసి జోకిండు. ఒక్క పండుగను కాదు, నలభై పండుగలను. పట్టపగలు, పత్తి మార్కెట్ యార్డుల, సర్కారు మేడం కండ్ల ముందట, ఐదు వందల మంది చూస్తుండంగ ఒక పళ్లెంల నలభై దసరాలు వోసి, తరాజు ముల్లును నడిమిట్ల నిలవెట్టిండు. పాలపిట్ట బరువు, జమ్మాకు బరువు, యాటకూర బరువు, అన్నీ అండ్లనే వచ్చినయి. నమ్మనోళ్లు జమ్మికుంట బస్సెక్కుండ్రి. నమ్మెటోళ్లు గిట్ల కూసోండ్రి.

ముందుగాల అంకయ్య ఎవరో ఎరుక కావాలె గదా. మార్కెట్ యార్డు పెద్ద గేటుకు ఎదురుంగ ఒక సందు ఉంటది. ఆ సందుల మూడో రేకుల షెడ్డు ఆయనది. షెడ్డు మీద బోర్డు: ‘అంకయ్య, తరాజులు బాట్లు రిపేరు, సర్కారు లైసెన్సు’. ఎండకు ఎలిసి ఎలిసి ‘అంకయ్య’ అన్నది మాయమైంది గని, ‘సర్కారు లైసెన్సు’ మాత్రం మొన్న రాసినట్టే మెరుస్తది. ఎందుకంటె ఏటేటా ఆయన రంగు అద్దేది ఆ రెండు మాటలకే. పేరు పోతె పోనీ, పిలిచెటోళ్లు పిలుస్తరు. లైసెన్సు పోతె ఎవరు పిలుస్తరు?

బాట్లను, అంటె తూకపురాళ్లను, రిపేరు చెయ్యాల్నంటె సర్కారు లైసెన్సు కావాలె. “లైసెన్సు లేకుండ బాటును ముట్టుకుంటె దొంగ, లైసెన్సుతోని ముట్టుకుంటె మేస్త్రి. నడిమిట్ల ఇంకో జాతి లేదు” అంటడు అంకయ్య. అందుకే ఆ కాయిదాన్ని అద్దం కట్టించి దేవుండ్ల పటాల సరసన తలిగేసిండు. ఆయన పెండ్లాం బుచ్చవ్వ దసరా నాడు దేవుండ్లతోపాటు దానికి సుత బొట్టు పెడ్తది.

“అద్దం మీద పెట్టు. కాయిదం మీద పడొద్దు” అంటడు ఆయన.

“నలభై ఏండ్ల సంది అద్దం మీదనే పెడ్తున్న” అంటది ఆమె.

గింతే వాళ్ల సంసారంల ముచ్చట. మిగిలిందంత తరాజు చప్పుడే.

అంకయ్య చెవులల్ల కాంటా ఉన్నదని బజారంత అంటరు. బాటును గచ్చు మీద పెడితె, ఆ చప్పుడు విని “గ్రామున్నర తక్కువుంది” అంటడు. ఓసారి పక్క గల్లీల బారాత్ పోతుంటె పెండ్లి పిలగాని నడక చప్పుడు విని “అరవై మూడున్నర కిలోలు” అన్నడట. పిలగాండ్లు పందెం కట్టి పెండ్లికొడుకును పట్టుకపోయి యార్డు కాంటా మీద నిలవెట్టిండ్రు. అరవై మూడే వచ్చింది. అంకయ్య ఒప్పుకోలే. “బూట్లు ఇడిపిచ్చి జోకిండ్రు” అన్నడు.

పని చూస్తె చిన్నదే. ఇనుప బాటు అడుగున ఒక గుంత ఉంటది, గుంతల సీసం నింపి ఉంటది. బాటు అరిగి తక్కువ తూగితె ఇంకింత సీసం కరిగిచ్చి పొయ్యాలె. ఎక్కువ తూగితె ఉలితోని గీకి తియ్యాలె. బరాబర్ అయినంక తూనికలు కొలతల సారు సర్కారు బాటుతోని సరిచూసి, ఆ సీసం మీద సుత్తెతోని ముద్ర గుద్దుతడు. ఇనుప బాట్లకు రెండేండ్లకోసారి, కరెంటు కాంటాలకు ఏడాదికోసారి. ముద్ర లేని బాటు దుకాణంల దొరికితె కేసు. ముద్రను చెడగొడితె ఇంకా పెద్ద కేసు.

వెనుకట ముద్రల క్యాంపు అంటె జమ్మికుంటకు జాతరనే. సుట్టుపక్కల ఊర్ల దుకాణపోళ్లంత భుజాన తరాజు, నెత్తిన బాట్ల సంచి పెట్టుకొని తెల్లారకముందే సందుల వరస కట్టెటోళ్లు. అంకయ్య కుంపటి రాజేసి, ఇనుప గరిటెల సీసం కరిగిస్తుంటె ఆ వాసనకు చాయ్ హోటలోడు సుత మోరీ అవతలికి జరిగెటోడు. ఎదురుంగ యార్డుల మూడు కట్టెల నడుమ పెద్ద పెద్ద కాంటాలు యాలాడేటియి. పత్తి బోరాలు ఒకదిక్కు, యాభై కిలోల బాట్లు ఒకదిక్కు. హమాలీ “లాభం” అని మొదలువెట్టి “రెండు, మూడు” అని పాడుకుంట లెక్కవెడుతుంటె, బాటు మీద బాటు పడ్డ చప్పుడు రైల్వే స్టేషన్ దాక ఇనొచ్చేది. ఆ చప్పుడుల ఎన్నో బాటు ఎవరి దుకాణందో అంకయ్య ఇంట్ల కూసొని చెప్పెటోడు. ఇప్పుడు యార్డుల లారీకి లారీ తూకం గద్దె మీదికి ఎక్కుతది. ఎర్ర అంకెలు మెరుస్తయి. చప్పుడు లేదు. చప్పుడు లేని తూకం అంకయ్యకు ఉప్పు లేని కూర.

రూల్స్ సుత ఊకె మారుకుంట వచ్చినయి. మొదట్ల ఒక దస్కతు పెడితె లైసెన్సు రెన్యువల్ అయ్యేది. తర్వాత ఫారం అన్నరు. తర్వాత ఫోటో, తర్వాత రెండు ఫోటోలు, తర్వాత ఆధారు, తర్వాత ‘మీసేవ’ల ఆన్‌లైన్ అన్నరు. వేలిముద్ర పెట్టమంటె అంకయ్య వేలు మిషిన్ మీద పడనే పడలే. నలభై ఏండ్లు ఆకురాయి పట్టి గీతలన్నీ అరిగిపోయినయి. “ముద్రలు ఏపిచ్చేటోనికి ముద్ర లేకపాయె” అని మీసేవల అందరు నవ్విండ్రు. అంకయ్య నవ్వలే. ఐదు రోజులు కొబ్బరినూనె రాసుకొని, ఆరో రోజు పోయి వేలు పెట్టొచ్చిండు.

అట్లని ఆయన రూల్స్‌ను తిట్టెటోడు అనుకునేరు. కొత్త రూలు ఏదొచ్చినా మొదలు తనే తెల్లంగి తొడుక్కొని దుకాణం దుకాణం తిరిగి చెప్పెటోడు. ఉల్లిగడ్డలమ్మే ఒకామె కంకరరాయి పెట్టి జోకుతుంటె, ఆ రాయిని గుంజుకొని చెరువు దాక ఉరికి విసిరేసిండు. తెల్లారి తనే ఆమెకు ఒక పాత కిలో బాటు తెచ్చిచ్చిండు. జమ్మికుంట దుకాణపోళ్లకు సర్కారంటె కరీంనగర్ల లేదు, హైదరాబాద్ల లేదు, అంకయ్య నోట్ల ఉన్నది.

ఇగ దసరా ముచ్చటకు వస్త. దసరా నాడు ఎవరి పనిముట్టుకు వాళ్లు బొట్టు పెట్టుకునుడు మనకు తెల్వంది గాదు. దుకాణపోళ్లకు తరాజే ఆయుధం, తరాజే లచ్చిమి. నాగరాజని, పప్పులు బెల్లం అమ్మే పెద్ద దుకాణపాయన ఉన్నడు. వాళ్ల బాపు ఏటేటా ఐదు కిలోల బాటు మీద కొబ్బరికాయ కొట్టెటోడు. నాగరాజు కొత్తగ కరెంటు కాంటా కొన్నడు. బాపు చేసినట్టే చెయ్యాలె గదా! పోయిన దసరాకు పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టి, ఆ స్టీలు పళ్లెం మీదనే ఫటేల్మని కొబ్బరికాయ కొట్టిండు. నీళ్లన్నీ లోపలికి దిగినయి. తెల్లారి కాంటాను ఎత్తుకొని అంకయ్య తాన్కి ఉరికొచ్చిండు.

“మామా, ఏం పెట్టకముందే పదకొండు కిలోలు చూపెడుతుంది!”

“కొబ్బరినీళ్లు తాగిపిస్తివి. కడుపు నిండింది దానికి.”

“జర ఇప్పి చూడరాదే?”

“సీలు తెంపితె కేసు. దీన్ని ముట్టెటందుకు నాకు పర్మిషన్ లేదు. కంపెనీ పిలగాన్ని పిలిపిచ్చుకో.”

“మరి నీ లైసెన్సు ఎందుకు మామా?”

“నీ అసొంటోనికి కొబ్బరికాయ ఏడ కొట్టాల్నో చెప్పెటందుకు.”

ఆ ముచ్చటను అంకయ్య రెండు నెలలు బజారంత చెప్పుకొని నవ్విండు. నవ్వక నవ్వక నవ్వినోడు, ఆగుతడా? అంకయ్య నవ్వితె ఆ యేడు వాన ఎక్కువ పడుతదని ఒక మాట ఉండె. నాగరాజు ఒక్కడే పండ్లు కొరుక్కుంట ఊకున్నడు.

గా నవ్వు నడుస్తుండంగనే కొత్త మేడం వచ్చింది. పేరు మమతారాణి. ముప్పై ఏండ్లు ఉంటయేమో. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్. చేతుల టాబ్ పట్టుకొని నేరుగ షెడ్డుల అడుగుపెట్టి, బోర్డు చూసింది, పటం చూసింది, పటం మీద బొట్టు చూసింది.

“అంకయ్య గారూ, మీ లైసెన్సు ఈ నెలాఖరుకు అయిపోతుంది.”

“ఆన్‌లైన్ల ఏసిన మేడం. వేలు సుత పడ్డది.”

“వేలు పడితే చాలదు. ఈసారి చేతి పని చూసి రిపోర్టు రాయాలి నేను. వచ్చే సోమవారం క్యాంపు. మీరు సరిచేసి చీటీ మీద సంతకం పెట్టిన ప్రతి బాటు కరెక్టుగా రావాలి. ఒక్కటి తప్పినా రెన్యువల్‌కు నేను రాయలేను.”

“ఒక్కటి సుత తప్పదు మేడం.”

“అంత ధైర్యమా?”

“ధైర్యం గాదు మేడం, లెక్క” అన్నడు అంకయ్య.

ఆమె పోయినంక బుచ్చవ్వ అడిగింది. “రాయకపోతె ఏమైతది?”

“ఏం గాదు. సుత్తె ఉన్న ముసలోన్ని అయిత” అన్నడు. ఆ నాలుగు రోజులు ఆయన పక్క షెడ్డోనితోని సుత మాట్లాడలే. ఉన్న మాట చెప్పాల్నంటె, సరిచేసెటందుకు వచ్చిన బాట్లు సుత ఎన్నో లేవు. వెనుకట సందు నిండేది, ఇప్పుడు ఒక గంప నిండలే. అందరు కరెంటు కాంటాలకు పోయిండ్రు.

పోనోళ్లల్ల ఒకామె ఐలవ్వ. బజారు మూల మీద ఎండు మిరపకాయలు, చింతపండు అమ్ముతది. అంకయ్య కన్నా ఏడేండ్లు పెద్దది. మొగడు కాలం చేసిన యేడు దుకాణం ఆమె మీద పడ్డది. గప్పుడు కొత్త బాట్లు కొనుక్కొని అంకయ్య తానికి వచ్చింది. ముద్ర ఏపిచ్చి ఇచ్చుకుంట అంకయ్య గట్టిగ చెప్పిండు: “అక్కా, గీ సీసం మీద సర్కారు ముద్ర ఉన్నది. బాటును గీకొద్దు, రుద్దొద్దు, తోమొద్దు. ముద్ర పోయిందో, కేసే.”

ఐలవ్వ బడి మొఖం చూడలే గని మాటంటె మాటే. గీకొద్దన్నడు, గీకలే. రుద్దొద్దన్నడు, రుద్దలే. తోమొద్దన్నడు, తోమలే. మరి దసరా వస్తె? బాట్లల్ల పెద్దది రెండు కిలోలది. ఇంటి పెద్దకు బొట్టు పెడితె ఇంట్ల అందరికి పెట్టినట్టే అని, నూనెల కలిపిన పసుపు కుంకుమ ఆ రెండు కిలోల బాటు నెత్తికి దట్టంగ పెట్టేది. వచ్చే దసరాకు దాని మీద ఇంకోటి. ఆ వచ్చే దసరాకు దాని మీద ఇంకోటి.

రెండేండ్లకోసారి ఐలవ్వ బాట్లు తెస్తె అంకయ్య జోకి చూసెటోడు. అందరి బాట్లు వాడకానికి అరిగి తక్కువ తూగితె, ఐలవ్వ రెండు కిలోల బాటు మాత్రం ఇంత ఎక్కువ తూగేది. “నీ బాటుకు సుత మంచిగ తిండి పెడుతున్నవక్కా, బలుస్తుంది” అనుకుంట, అడుగున సీసంల నుంచి గోరంత గీకి తీసి, బరాబర్ చేసి, ముద్రకు పట్టుకపోయెటోడు. వెనుకటి ఇన్‌స్పెక్టర్ సార్లు సుత ముల్లు నడిమిట్ల నిలిస్తె చాలనుకునేటోళ్లు. బొట్టు జోలికి ఎవరు పోలే. బొట్టును ఎవరు తుడుస్తరు?

గీసారి సుత అట్లనే చేసిండు. గోరంత గీకిండు, బరాబర్ అన్నడు, చీటీ మీద దస్కతు పెట్టిండు.

సోమవారం వచ్చింది. యార్డుల పెద్ద షెడ్డు కింద మేడం టేబుల్ ఏపిచ్చుకుంది. మఖమల్ బట్ట పరిచిన డబ్బల నుంచి ఇత్తడి బాట్లు తీసి పెట్టింది. సర్కారు బాట్లవి, ముట్టుకుంటె చెమట అంటుతదని గుడ్డతోనే పట్టుకుంటరు. పక్కన సన్నటి ముల్లు ఉన్న తరాజు. కరెంటు కాంటాలోళ్ల వరస ఒకదిక్కు పొడుగ్గ ఉంది, ఇనుప బాట్లోళ్ల వరస ఒకదిక్కు నలుగురే. అంకయ్య తెల్లంగి తొడుక్కొని చేతులు కట్టుకొని నిలబడ్డడు. మొదటి ముగ్గురివి బరాబర్ వచ్చినయి. మేడం టాబ్‌ల టిక్కు కొట్టుకుంట పోయింది. నాలుగోది ఐలవ్వది.

మేడం ఆ రెండు కిలోల బాటు చేతుల పట్టుకొని తిప్పి తిప్పి చూసింది. ఇనుము యాడుందో కనవడలే. నల్లటి ఎరుపు, ఎర్రటి నలుపు, పుట్టమన్ను లెక్క గట్టిపడి ఉంది.

“ఇదేంటి?”

“లచ్చిమి బిడ్డా” అన్నది ఐలవ్వ.

“బాటు శుభ్రంగా ఉంటేనే తూకం చూడాలి అవ్వా. రూలు.” అటెండర్ దిక్కు చూసి, “కాగితం పరిచి గీకు” అన్నది.

అటెండర్ పాత పేపర్ పరిచి, ఇనుప బ్రష్ తీసి గీకుడు మొదలువెట్టిండో లేదో, ఐలవ్వ వాని చెయ్యి పట్టుకున్నది. “గీకకు కొడుకా! ముద్ర పోతది, కేసైతది! అంకయ్య తమ్మీ, జర చెప్పరాదు! సర్కారోళ్లే సర్కారు ముద్ర గీకుతుండ్రు!”

యార్డుల నవ్వు లేచింది. “అవ్వా, కేసు పెట్టేది మేడమే” అన్నరెవరో. “ఎవలైతేంది? రూలు రూలే” అన్నది ఐలవ్వ. మేడం లేచి ఆమెను కుర్చీల కూసోవెట్టి, “అడుగున ముద్రను ముట్టుకోరు. పైన మాత్రమే” అని నచ్చజెప్పింది. అటెండర్ గీకిండు. పేపర్ మీద ఎర్రటి పొడి, పెచ్చులు కుప్ప పడ్డయి. లోపల నుంచి ఇనుము కొత్త పెండ్లికొడుకు లెక్క బయటవడ్డది.

పళ్లెంల పెట్టిండ్రు. అటు సర్కారు బాటు దిగింది. ఇటు ఐలవ్వ బాటు లేచింది.

“తులం తక్కువ!” అని అరిచిండ్రు ఎనుక ఉన్నోళ్లు.

మేడం మల్లోసారి పెట్టింది. మల్ల లేచింది. టాబ్ మీద ఏలు పెట్టి ఆగింది. అంకయ్య దిక్కు చూసింది. “చీటీ మీద సంతకం మీదేనా?”

“నాదే మేడం.”

“తక్కువ తూకం. కొనేవాళ్లకు నష్టం. ఎక్కువైతే ఏదో అనుకోవచ్చు. తక్కువంటే మొదలు కేసు ఆమె మీద పడుతుంది, మీ రిపోర్టు మీద కూడా.”

ఐలవ్వ మొఖం ఎండు మిరపకాయ లెక్క అయింది. “నేనేం జేసిన? ముట్టుకోనైతి, తోమనైతి...”

నాగరాజు మెల్లగ అంకయ్య పక్కకు వచ్చి నిలబడ్డడు. పగ తీర్చుకునే మొఖం వెట్టిండు మొదట. “మామా, నేను కొబ్బరినీళ్లు తాగిపిచ్చిన. నువ్వేం తాగిపిచ్చినవ్?” అన్నడు. ఆయన ఉలకకపోయేసరికి నాగరాజు గొంతు తగ్గింది. “అరే, గట్ల నిలవడకు. కింద పడ్డది, పెచ్చు లేచిందని చెప్పు. నువ్వు ఇచ్చినంకనే పడ్డదను. అవ్వకు ఇంత జుర్మానా ఏసి ఇడిసిపెడ్తరు. నీ లైసెన్సు నీకు ఉంటది.”

అంకయ్య ఆ మాట విన్నడో లేదో. ఆయన కండ్లు పేపర్ మీద ఉన్నయి. అటెండర్ ఆ పేపర్‌ను నాలుగు మడతలు పెట్టి చెత్తల ఎయ్యబోతుండు.

“పారేయకు!” అన్నడు అంకయ్య. నలభై ఏండ్లల్ల ఆయన అంత గట్టిగ అన్నది ఎవరు వినలే. యార్డుల పావురాలు లేచి పోయి, హుస్నాబాద్‌ల దిగినయి.

దగ్గరికి వచ్చి పేపర్ అందుకున్నడు. పొడి ఒక్క రవ్వ కింద పడలే. “మేడం, దీన్ని సుత పళ్లెంల పెట్టుండ్రి. బాటు పక్కన.”

“కుంకుమనా?”

“పెట్టుండ్రి.”

మేడం ముందు ఇంకో పేపర్ తీసుకుంది. పొడి ఉన్న పేపర్ ఎంతనో అంత కత్తిరిచ్చి సర్కారు బాటు దిక్కు పెట్టింది, కాయిదం బరువు కాయిదానికి పోవాలె గదా. అది చూసి అంకయ్య మొదటిసారి ఆమె మొఖం దిక్కు సరింగ చూసిండు. తర్వాత బాటు పక్కన పొడి పెట్టింది. లేచిన పళ్లెం మెల్లమెల్లగ దిగింది. ముల్లు అటు ఊగింది, ఇటు ఊగింది. నడిమిట్ల నిలవడ్డది.

హమాలీలు సుత బోరాలు దించి చూస్తుండ్రు.

“తప్పు నాదే మేడం” అన్నడు అంకయ్య. “ఏటేటా దసరాకు అక్క బొట్టు పెట్టేది. బాటు బరువయ్యేది. నేను బొట్టును తుడువకుండ సీసం తీసేటోన్ని. బొట్టు వచ్చినకొద్ది సీసం పోయింది. మీరు బొట్టు తీసేసరికి బాటు ఖాళీ అయింది. అక్కది ఏం లేదు. తోమొద్దని చెప్పింది నేనే.”

“మరి తుడవొచ్చు కదా మీరు?”

అంకయ్య గీకిన బాటు దిక్కు చూసిండు. “అది పైన పడ్డ దుమ్మని నాకు ఎన్నడూ అనిపియ్యలే మేడం. బాటుకు మొఖమే అది అనుకున్న.”

మేడం పెన్ను మూత పెట్టింది, తీసింది. “మా తాతకు హుస్నాబాద్‌లో కిరాణం దుకాణం ఉండేది” అన్నది చిన్నగ. “దసరాకు బాట్లకు బొట్లు పెట్టేది నేనే.”

“ఇంకేంది బిడ్డా, నీ మీద సుత రాసుకో కేసు” అన్నది ఐలవ్వ.

మేడం సుత నవ్వింది, యార్డు సుత నవ్వింది. గని ఆమె కుర్చీల నుంచి లేవలే. “కుంకుమ మీద ముద్ర వేయలేను అంకయ్య గారూ. ఇప్పుడే, నా ముందే సరిచేయండి. ఏం జరిగిందో మీ చేతితో రాసివ్వండి.”

ఎవరో సందులకు ఉరికి కుంపటి తెచ్చిండ్రు. అంకయ్య అంగీ చేతులు మలిచిండు. ఇనుప గరిటెల సీసం ముక్క ఏసి ఊదిండు. ఆ కమురు వాసన షెడ్డంత కమ్మేసరికి, వెనుకట ఆ వరసల నిలవడ్డ ముసలోళ్లు ఒక్కొక్కలు ముందుకు జరిగి వచ్చిండ్రు. “గిదే వాసన” అన్నడొకాయన. ఇంకొకాయన తువ్వాలతోని ముక్కు తుడుసుకున్నడు. సీసం పాదరసం లెక్క మెరిసింది. గుంతల వోసిండు, చల్లారనిచ్చిండు, ఉలితోని ఒక్క గీటు తీసిండు. ఒక్కటే. పళ్లెంల పెడితె ముల్లు మొఖమాటం లేకుండ నడిమిట్ల నిలవడ్డది. మేడం సుత్తె అందుకొని ముద్ర గుద్దింది. టంగుమని ఆ చప్పుడు స్టేషన్ దాక పోయింది, అక్కడ ఆగి ఉన్న రైలు అదే సిగ్నల్ అనుకొని కదిలింది.

కాయిదం మీద అంకయ్య గుండ్రటి దస్తూరితోని మూడు ముక్కలే రాసిండు: ‘కుంకుమ బరువును బాటు బరువు అనుకొని సీసం తీసిన. రూలు చెప్పిన గని అది ఎంతవరకో దుకాణం ఆమెకు చెప్పలే. తప్పు నాది.’ కింద దస్కతు.

పొడి ఉన్న పేపర్‌ను ఐలవ్వ కొంగున కట్టుకుంది. “దీన్ని తొక్కుడుల పొయ్యను. మానేరు వాగుల కలుపుత” అన్నది.

నెల ఒడిసింది. బోర్డు కింద కూసొని అంకయ్య రోజు పోస్టాయన తొవ్వ చూసిండు. లైసెన్సు పోస్టుల రాదు మామా, ఆన్‌లైన్ల వస్తదని నాగరాజు చెప్తె ఇనలే. ఆఖరికి నాగరాజే మీసేవల తీపిచ్చి, ప్లాస్టిక్ అతికిపిచ్చి పట్టుకొచ్చిండు. అంకయ్య అద్దాలు పెట్టుకొని మొదటి నుంచి చివరి దాక సదివిండు. రెన్యువల్ అయింది. అడుగున ఒక లైను ఉంది: బాట్లు, తరాజులకు మాత్రమే. కరెంటు కాంటాలు ముట్టెటందుకు లేదు.

“ఇగ ఎన్ని బాట్లు మిగిలినయి మామా జమ్మికుంటల?” అన్నడు నాగరాజు, ఎకసెక్కం లేకుండనే.

“ఐలవ్వయి ఉన్నయి” అన్నడు అంకయ్య.

బుచ్చవ్వ పటంల పాత కాయిదం తీసి కొత్తది పెట్టింది. కుంకుమ భరిణె తెచ్చి ఏలు ముంచింది. “అద్దం మీద పెట్టు” అనబోయి అంకయ్య ఆగిండు. లేచి, ఎండు గుడ్డ తెచ్చి, అద్దం మీద ఉన్న పాత బొట్లన్నీ తనే తుడిచిండు. పొడి కింద పడకుండ దోసిట పట్టిండు. దోసిలి జర్రసేపు అట్లనే గాలిల ఊగింది, పైకి, కిందికి. ఎంత వచ్చిందో బుచ్చవ్వ అడుగలే, ఆయన చెప్పలే. తర్వాత “ఇగ పెట్టు” అన్నడు.

మొన్న యార్డుల నలుగురు కూసొని గిదే ముచ్చట చెప్పుకుంటున్నరు. నలభై దసరాలు, తులం కుంకుమ, ఐదు వందల మంది, లేచిపోయిన పావురాలు, కదిలిన రైలు. అంకయ్య పక్కనే ఒక పాత తరాజు ముల్లును ఆకురాయితోని రాస్తుండు. తల ఎత్తకుండనే అన్నడు:

“నలభై గాదు, ఇరవై రెండు. తులం గాదు, ఏడు గ్రాములు. అండ్ల సుత అర గ్రాము తుప్పు.”